నీళ్ళు పోసిన చేయి

1941 నవంబర్ 30, ఆదివారం

పాపసంకీర్తనానికని కోవెల గురువు సామియార్ దగ్గరికి వెళ్ళినప్పుడు సగం పాపాలు మరచిపోతున్నాను. మోకాళ్ళు నేలకు ఆనగానే ఆ నొప్పి తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. "ఏ రోజు పాపం ఆ రోజే మనసులో ముడి వేసుకో అమ్మా" అన్నాడు జపాలు నేర్పే ఉపదేశియార్. మనసులో వేసిన ముళ్ళు నాకు నిలవవు. అందుకని మనవడు చెల్లప్ప బడికి వెళ్ళిన కాలంనాటి నోటుబుక్కులో మిగిలిన కాగితాలు తీసుకున్నాను. మా నాయన నేర్పిన నాలుగు తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు పనికి వస్తున్నాయి. ఈ ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళందరూ అరవమే చదువుతారు. నా మనవడు నోటితో తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం ఒక్కటీ రాదు. కనుక భయం లేదు. అయినా బియ్యం జాడీ వెనక పెడతాను.

పాపాలు. పూజ మధ్యలో వాకిలి గొళ్ళెం వేశానా లేదా అని ఆలోచించాను. పక్కింటి నాచ్చియార్ కోడలి గురించి విన్నది నలుగురికి చెప్పాను. తంగాన్ని రెండుసార్లు తిట్టాను. అందులో ఒకటి న్యాయమే.

డిసెంబర్ 7, ఆదివారం

చెల్లప్ప నిన్న రాజపాళయం నుంచి వచ్చాడు. మిల్లులో ఆరు రోజులు దూది దుమ్ము మింగి వస్తాడు, వచ్చిన పూటంతా దగ్గు. వాడి నాయనా ఇట్లాగే దగ్గి పోయాడు. కొడుకూ కోడలూ పోయాక ఈ ఇంటికి మిగిలింది వాడొక్కడే.

ఇవాళ పూజ అయి వచ్చి ఇడ్లీ తింటూ అన్నాడు.

"అవ్వా, తంగాన్ని కల్యాణం చేసుకొంటాను. ముడివు చేసేసినాను, ఇంక మార్చుకోను."

"ఏ తంగం?"

"మన ఇంట్లో ఎన్ని తంగాలు ఉన్నాయి అవ్వా?"

"అది వంటింట్లో పడుకొనే పిల్లరా."

"అవును. కల్యాణం అయితే వంటింట్లో పడుకోదు."

తంగం అప్పుడే చట్నీ తెచ్చి వాడి ఆకులో వడ్డించింది. ఆ మొగంలో నవ్వు లేదు. నవ్వకుండా ఉండడానికి పడే కష్టం ఉంది. పదహారేళ్ళు నా కళ్ళముందు తిరిగిన మొగం, ఇవాళ ఎవరిదో అనిపించింది.

"వాళ్ళ జనం కోవెల్లో ఉత్తరం రెక్కలో కూర్చొంటారు. మనది దక్షిణం రెక్క. నువ్వు ఎక్కడ కూర్చొంటావు, నడుమనా?" అన్నాను.

"నడుమ సామియార్ ఉన్నాడు కదా. ఆయన పక్కన కూర్చొంటాము" అని నవ్వాడు. "రాజపాళయంలో ఇల్లు చూసినాను. నువ్వు కూడా వచ్చేయి."

అద్దె ఇంట్లో, మిల్లు కూత వింటూ, ఉత్తరం రెక్క పిల్ల చేతి అన్నం తింటూ నేను చావాలట.

డిసెంబర్ 8

మాత పండుగ. పూజకు వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పాను. కడుపునొప్పి లేదు.

డిసెంబర్ 10

తంగం పుట్టిన రోజు సంగతి రాసిపెట్టుకోవాలి. నేను చేసిన మంచి పని అదొక్కటే. చచ్చినాక దేవుడు అడిగితే చెప్పుకోవడానికి.

1925 అక్టోబర్ చివర, ఐప్పసి నెల. వాన, వాంతిభేది కలిసి వచ్చాయి. వేలమ్మాళ్ మా చేలో పత్తి ఏరేది. దాని మొగుడు వారం ముందే భేదికి పోయాడు. మా పత్తి కొట్టంలో నొప్పులు పడి, బిడ్డను కని, కళ్ళు తేలేసింది. బిడ్డ నీలంగా ఉంది. ఏడవలేదు. సామియార్ సేత్తూరులో ఉన్నాడు, వాగు నిండుగా పారుతోంది. జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డ దేవుని మొగం చూడదు. అట్లాంటి వేళ ఎవరైనా నీళ్ళు పోయవచ్చు, మాటలు తప్పకుండా చెప్తే చాలు. చెల్లప్పకు అప్పుడు ఏడేళ్ళు. నీళ్ళు తెమ్మంటే పెద్ద చెంబు పొట్టకు ఆనించుకొని తెచ్చాడు. ఆ చెంబు అందుకొని నేనే ఆ నెత్తిన పోశాను. "పిత, సుత, ఇస్పిరీతు సాంతు నామాన" అన్నాను. నీళ్ళు పడగానే కెవ్వుమంది.

ఊరంతా చెప్పుకున్నారు, రాక్కమ్మాళ్ చేతి నీళ్ళకు చచ్చిన బిడ్డ లేచిందని. అప్పటి సామియార్ కోవెల పెద్ద పుస్తకంలో నా పేరు రాశాడు. మా ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో పుట్టుకకూ పెళ్ళికీ చావుకూ ఎక్కాయి. చేసిన పనికి ఎక్కింది నాదొక్కటే.

మేకపాలు పోసి పెంచాను. జపాలు నేర్పాను. వంటింట్లో వెచ్చగా పడుకుంటుంది. ఎవరు చేస్తారు ఇంత?

డిసెంబర్ 14, ఆదివారం

కోవెల గంట విని ఏడ్చాను. మా మామగారు తూత్తుకుడి రేవు నుంచి ఆ గంటను రెండు బండ్లు కలిపి కట్టి పదకొండు రోజులు తోలుకొని వచ్చారు. దింపేటప్పుడు ఆయన వేళ్ళు రెండు దాని కింద నలిగాయి. అందుకే ఆగస్టు పండుగకు మాత సప్పరం, ఊరేగే రథం, లేచేటప్పుడు తొలి మైనపు వత్తి మా ఇంటి మగవాడి చేతికే ఇస్తారు. మామగారు పట్టారు, మా ఆయన పట్టాడు, నా కొడుకు పట్టాడు, ఇప్పుడు చెల్లప్ప.

ఉపదేశియార్ దారిలో కలిశాడు. "ఉత్తరం రెక్క పిల్లను చేసుకొన్నవాడికి తొలి వత్తి ఇస్తే దక్షిణం రెక్కవాళ్ళు ఊరుకొంటారా అమ్మా? నేను చెప్పడం లేదు. జనం అనుకొంటా ఉన్నారు."

జనం అంటే ఆయనా ఆయన బావమరదులూ.

డిసెంబర్ 28, ఆదివారం

చెల్లప్ప నాతో చెప్పకుండానే సామియార్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన సంతోషపడ్డాడట. జనవరిలో ఓలై చదువుతారు. మూడు ఆదివారాలు పెళ్ళి వార్త కోవెల్లో చదవడం మా వాడుక. అడ్డు తెలిసినవాళ్ళు ఆలోపల చెప్పాలి. దాస్తే పాపం.

నాచ్చియార్ వాళ్ళు పెరుమాళ్ళను మొక్కేవాళ్ళు, వాళ్ళకు ఇదంతా వేడుక. "ఎవరికైనా అడ్డు ఉందా అని మీ సామియార్ ఊరినంతా అడుగుతాడా అక్కా? మాలో అట్లా అడిగితే ఒక్క కల్యాణం కూడా జరగదు. అందరూ లేచి నిలబడతారు!"

నవ్వు రాలేదు. జపాన్‌వాడు మదరాసు మీద బాంబులు వేస్తాడని చెప్పుకుంటున్నారు. కిరసనాయిలు లేదు. ఈ పెళ్ళి ఒకటి.

1942 జనవరి 4, ఆదివారం

మొదటి ఓలై చదివారు. "చెల్లప్ప, తంగమ్మాళ్" అని రెండు పేర్లు పక్కపక్కన. దక్షిణం రెక్కలో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఉత్తరం రెక్కలో ఎవరూ తిరగలేదు, అది ఇంకా అవమానంగా ఉంది.

తరువాత సామియార్ అడ్డులు ఏవేవో చెప్పారు. రక్తబంధం. ముందే కట్టుకున్న పెళ్ళి. జ్ఞానబంధం. జ్ఞానస్నానం ఇచ్చినవాడికీ పుచ్చుకున్నదానికీ పెళ్ళి చెల్లదు, అతడు ఆమెకు జ్ఞానతండ్రి. ఎన్నోసార్లు విన్నదే. ఇవాళ చెవిలో నిలిచింది.

జనవరి 5

చెంబు తెచ్చింది చెల్లప్పే.

జనవరి 7

వాడి చేతుల్లోంచి నేను లాక్కున్నానా? పిల్లవాడు కదా, భయపడి గట్టిగా పట్టుకొని ఉంటాడు. ఇద్దరి చేతులూ దాని మీద ఉన్నాయి.

జనవరి 9

నా చేతులు అప్పుడు నెత్తురుతో ఉన్నాయి. పురుడు తాకిన చేతులు. ఆ చేతులతో అంత పుణ్యమైన పని ఎవరైనా చేస్తారా? మా అత్తగారు చూస్తే చేతులు విరిచి ఉండేది. పిల్లవాడి చేయి శుభ్రం. బడిలో ఆ మాటలు వాడికి నేర్పారు కూడా. వాడి చేత చేయించి ఉంటాను.

చేయించాను.

జనవరి 11, ఆదివారం

రెండో ఓలై చదవలేదు. నిన్ననే వెళ్ళి సామియార్‌కు చెప్పాను. ఇవాళ పూజ తరువాత నన్నూ చెల్లప్పనూ కూర్చోబెట్టి పెద్ద పుస్తకం తీశారు.

"ఇక్కడ నీ పేరే ఉంది కదా అమ్మా? రాక్కమ్మాళ్ చేతి మీదుగా అని."

"అబద్ధం చెప్పినాను సామీ. పేరు రావలెనని. పదహారేండ్లు ఆ పేరు తిన్నాను. ఇప్పుడు ఓలై చదువుతా ఉంటే భయం వేసింది."

చెల్లప్ప నా వైపు తిరిగాడు. "అవ్వా, ఏమి చెప్తా ఉన్నావు? నువ్వే పోసినట్టు కదా నాకు చిన్ననాటి నుంచి కథ చెప్తా వచ్చినావు?"

"కథ చెప్పినానురా. పోసింది నువ్వు. నేను మాటలు చెప్పమన్నాను, నువ్వు చెప్పినావు. సగం నీళ్ళు నీ కాళ్ళ మీదే పోసుకొన్నావు."

చెప్తుంటే నాకే కనబడింది. చిన్న కాళ్ళు, వేళ్ళ మధ్య బురద, ఆ మీద నీళ్ళు.

"నీకు ఏమి గ్యాపకం ఉంది?" అని సామియార్ వాణ్ణి అడిగారు.

"చెంబు గ్యాపకం ఉంది సామీ. బరువుగా ఉండింది. ఆ పిల్ల ఏడ్చింది. నడుమ ఏమైందో..." వాడు తన అరచేతులు చూసుకున్నాడు. "పోసినానేమో."

సామియార్ నా తల మీద చేయి పెట్టారు. ఈ వయసులో పేరు వదులుకొని నిజం ఒప్పుకునేవాళ్ళు తక్కువ అన్నారు. నా పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి పక్కన చెల్లప్ప పేరు రాశారు. ఆ సిరా ఆరేదాకా చూస్తూ ఉన్నాను.

తరువాత వాడి భుజం తట్టారు. "ఏడవకురా. ఇది తీరని అడ్డు కాదు. మధురై పెద్ద సామియార్‌కు రాస్తాను, పెళ్ళికి అనుమతి ఇస్తూ ఉత్తరవు వస్తుంది. ఇట్లాంటివి రాకుండా ఉండవు. వచ్చే ఆదివారం ఇద్దరూ వచ్చి విన్నపం మీద చేవ్రాలు పెట్టండి. ఒక నెల ఓపిక పట్టండి, అంతే."

చెల్లప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. ఇంత చేస్తే ఒక నెల.

జనవరి 13

చెల్లప్ప మిల్లులో ఉన్నాడు. ఇంట్లో నేనూ తంగం. అది రుబ్బురోలు దగ్గర కూర్చొంది.

"ఆదివారం సంతకం పెట్టమన్నారంట. పెట్టేదా అవ్వా?"

"పెట్టు. నాకేమి."

ఇంకో పిడికెడు పప్పు పడ్డాక నేనే అడిగాను. "నీళ్ళు పోసి నీకు ప్రాణం ఇచ్చినవాడు నీకు ఏమవుతాడు?"

రుబ్బడం ఆపింది. జ్ఞానోపదేశం నేర్పింది నేనే, ఒక్క ప్రశ్నకూ తడబడదు. "జ్ఞానతండ్రి" అంది.

"ఆ మాట నేను చెప్పలేదు. నువ్వు చెప్పినావు."

"ఉత్తరవు వస్తే తప్పు లేదని సామియారే చెప్పినారు కదా అవ్వా?"

"సామియార్‌కు తప్పు లేదు. రేపు నీ కడుపున నీలంగా ఒకటి పుడితే దానికి ఎవరు ఉత్తరవు ఇస్తారు? ఆ రోజు మీ అమ్మను తీసుకొని నిన్ను వదిలిపెట్టినాడు దేవుడు. ఎందుకు వదిలినాడు? తండ్రి పక్కన పడుకోవడానికా?"

పిండిలో చేయి పెట్టుకొని అట్లాగే ఉండిపోయింది. ఏడిస్తే ఓదార్చి ఉండేదాన్ని. ఏడవలేదు. పిండి పులిసిపోతుందని తిట్టాను.

పాపాలు. కోపం.

జనవరి 18, ఆదివారం

తంగం చేవ్రాలు పెట్టలేదు. చెల్లప్ప కోవెల వాకిట్లో బతిమాలాడు, అందరూ చూశారు. పిల్లకు ఊరికే భయం, ఉత్తరవు చేతికి వస్తే దిగుతుందని సామియార్ తానే విన్నపం పంపారు.

జనవరి 20

"నన్ను ఎక్కడికైనా పంపించేయి అవ్వా. చిన్నయ్య మొగం చూస్తే నా మనసు మారిపోతుంది" అంది తంగం. చెల్లప్పను చిన్నయ్య అనే పిలుస్తుంది. అదే అడిగింది. నేను అనలేదు.

మంసాపురం ఇన్నాసి బండి తోలుతాడు. పెళ్ళాం పోయి రెండేళ్ళు. ముగ్గురు పిల్లలు. నలభై దాటిందంటారు. కల్లు తాగితే చేయి చేసుకుంటాడట. చేయి చేసుకోని మగవాడు ఎక్కడున్నాడు? మా ఆయన మంచివాడే, ఆయనా కొట్టాడు. ఉపదేశియార్ భార్యతో మాట పంపాను.

జనవరి 25, ఆదివారం

తంగానికీ ఇన్నాసికీ మొదటి ఓలై. ఎవరైనా బలవంతం చేశారా అని సామియార్ దాన్ని ఒంటరిగా పిలిచి అడిగారు. లేదు అంది. నన్ను అడగలేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

మధురై నుంచి ఉత్తరవు వచ్చింది. చెల్లప్ప కోవెల నుంచి పరుగున వచ్చాడు. తంగం గడప మీద కూర్చొని కూర తరుగుతోంది. నేను లోపల బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

"తంగం, చూడు. పెద్ద సామియార్ ముద్ర. తోసేసినారు, అడ్డును తోసేసినారు! ఇన్నాసి ఓలైని ఇక్కడితో ఆపేయమని చెప్దాము."

"నాకు చదవను రాదు."

"నేను చదువుతాను, విను."

"వద్దు చిన్నయ్యా. నువ్వు నీళ్ళు పోయలేదని అందులో రాసినారా?"

"అట్లా ఎట్లా రాస్తారు? పోసినా తప్పు లేదని రాసినారు."

"నాకు అది చాలదు."

"నాకు గ్యాపకమే లేదు తంగం! ఏడేండ్ల పిల్లవాడు ఏమి చేసినాడో ఎవరికి తెలుసు?"

"అవ్వకు తెలుసు."

ఇద్దరూ లోపలికి చూశారు. నేను తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు ఆ సమయానికి. చేటలో రాయి దొరికింది. తీసి పారేశాను. ఇంకొకటి దొరికింది.

ఫిబ్రవరి 9, సోమవారం

పెళ్ళి అయింది. నా ఎర్ర చీర ఇచ్చాను. అంచు చిరిగింది, లోపలికి మడిస్తే కనబడదు. బండి ఎక్కేముందు నా కాళ్ళకు మొక్కింది. ఇన్నాసి మధ్యాహ్నానికే తాగి ఉన్నాడు. చెల్లప్ప మిల్లు నుంచి రాలేదు.

వంటిల్లు పెద్దదిగా ఉంది. మేకకు పాలు పితికేవాళ్ళు లేరు.

ఫిబ్రవరి 18

ఇవాళ బూడిద బుధవారం. కోవెల్లో నెత్తిన బూడిద పెట్టించుకున్నాను. దగ్గు నాకూ వచ్చినట్టుంది.

ఏప్రిల్ 21

తంగం సంతకు వచ్చి తొంగి చూసింది. కన్ను వాచి ఉంది. తలుపు తగిలిందట. మజ్జిగ ఇచ్చాను. మూడో నెల అని చెప్పింది. చెల్లప్ప గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు, వాడు నెలకొకసారి కూడా రావడం లేదని.

ఆగస్టు 15, శనివారం

పండుగ. తొలి వత్తి చెల్లప్పకే ఇచ్చారు. అందుకోసమే వచ్చాడు, సామియార్ కబురు పంపితే. దక్షిణం రెక్కలో ఒక్కరూ గొణగలేదు. నా గుండె నిండింది. మామగారు చూస్తూ ఉంటారు.

ప్రసంగంలో సామియార్ ఆ కథ చెప్పారు. ఏడేళ్ళ పిల్లవాడు వానలో, వాంతిభేదిలో, ఒక ఆత్మను పరలోకానికి దక్కించాడని. చేతులు జోడించి "ఆ చేతిని మాత దీవించింది" అన్నారు. నా పేరు చెప్పలేదు. అబద్ధం చెప్పినదాన్నని దయతో దాచారు కాబోలు. చెల్లప్ప వత్తి పట్టుకొని నేల చూస్తూ నిలబడ్డాడు. ఉత్తరం రెక్కలో తంగం ఆరు నెలల కడుపుతో, ఇన్నాసి పిల్లలు ముగ్గురినీ కొంగు పట్టించుకొని నిలబడింది.

సప్పరం తిరిగి వచ్చాక తల్లులు చంటిబిడ్డలను తెచ్చి వాడి చేయి నెత్తిన పెట్టించుకున్నారు. మా పెరుమాళ్ళ నాచ్చియార్ కూడా మనవరాలిని ఎత్తుకొని వచ్చింది.

"నీ మనవడిని ఒకసారి తాకమను అక్కా, దీనికి జ్వరం దిగడం లేదు. ఇన్నాళ్ళూ నీ చెయ్యి అనుకొని నీ దగ్గరికి తెచ్చినానే! బలే గట్టిదానివి నువ్వు. పదహారేండ్లు ఊరిని నమ్మించినావు."

నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు.

ఆగస్టు 16, ఆదివారం

పొద్దున చెల్లప్ప గోలెం దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు.

"ఈ చెయ్యి నరికేసుకొంటే బాగుండును అవ్వా. నిన్నంతా దీన్ని ముద్దు పెట్టుకొంటా ఉన్నారు."

నాచ్చియార్ నవ్వు నా చెవిలో ఇంకా ఉంది. నా నోరు నేను మూసుకునేలోపల వచ్చేసింది.

"నీ చెయ్యి ఏమిటిరా నీ చెయ్యి! ఆ నీళ్ళు పోసింది నేను. నువ్వు చెంబు మోసినావు, అంతే."

వాడు తిరగలేదు. నీళ్ళు మోచేతుల నుంచి కారుతున్నాయి.

"మళ్ళీ చెప్పు."

తువ్వాలు అందించాను. వాడు తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. కూర్చొని అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. పూర్తిగా తిన్నాడు. అరుస్తాడని, కొడతాడని చూశాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఎందుకని అడగను అవ్వా. ఎందుకో నాకు తెలుసు. ఇప్పుడు ఏమి చేస్తావు?"

"సామియార్ కాళ్ళు పట్టుకొంటాను నాయనా. నెల మొదటి శుక్రవారం పాపసంకీర్తనంలోనే చెప్పుకొంటాను."

"చెప్పుకొంటే ఏమంటారు ఆయన?"

"దిద్దుకో అంటారు. తంగం దగ్గరికి పోయి నిజం చెప్పు, అప్పుడే మన్నింపు అంటారు."

"చెప్తే తంగం ఏమవుతుంది?"

నేను వాడికి తాగడానికి నీళ్ళు పోశాను.

"ఇన్నాసి కొడతా ఉంటే, పాపం నుంచి తప్పించుకొని వచ్చినాను కదా అని ఓర్చుకొంటా ఉంది. దేవుని కోసం అనుకొంటా ఉంది. దాని దగ్గర మిగిలింది అదొక్కటే. అది కూడా తీసేస్తావా? తాళి ఎట్లాగూ తీయలేవు."

"మరి నా గతి?"

"నువ్వు చెప్పకూడదు. దానికి కాదు, ఎవరికీ చెప్పకూడదు. పాపసంకీర్తనంలో కూడా చెప్పకూడదు."

"అట్లా పోతే నరకంరా చెల్లప్పా."

"అవును అవ్వా" అన్నాడు. మజ్జిగ అడిగాడు.

సెప్టెంబర్ 4, మొదటి శుక్రవారం

మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. పాపసంకీర్తన పెట్టెకు దగ్గరి బల్ల మీద కూర్చున్నాడు. ఈ మధ్య చెవులు మందగించి మెల్లగా మాట్లాడడం నాకు చేతకావడం లేదు, చెప్పినదంతా వాడికి వినబడుతుంది. వక్క నమలడం, జపం మధ్య నిద్ర చెప్పాను. ఒక పాపం దాచి మిగతావి చెప్తే ఏదీ మన్నించబడదు. దాని మీద పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకుంటే అది ఇంకా పెద్ద పాపం. తీసుకోకపోతే సామియార్ ఎందుకని అడుగుతారు. తీసుకున్నాను.

అక్టోబర్ 2

వచ్చాడు. కూర్చున్నాడు.

నవంబర్ 6

వచ్చాడు. ఊళ్ళో అంటున్నారు, రాక్కమ్మాళ్ మనవడిలాంటి భక్తిమంతుడు లేడని.

నవంబర్ 29, ఆదివారం

తంగం బిడ్డను తెచ్చింది. మగబిడ్డ. ఎర్రగా, బొద్దుగా ఉన్నాడు. తంగం కింది పెదవి చీలి ఉంది, మాట్లాడితే నెత్తురు చిమ్ముతుంది. బిడ్డను నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది.

"నువ్వు ఆ రోజు చెప్పకపోయి ఉంటే ఏ పాపంలో పడి ఉందునో అవ్వా. చూడు, నీలంగా పుట్టలేదు. పొద్దునా సాయంత్రం నీ కోసం జపం చెప్తాను. అవ్వకు మంచి మరణం ఇవ్వు మాతా అని."

చెల్లప్ప తలుపు పక్కన నిలబడి అంతా విన్నాడు. అది వెళ్ళాక నా వైపు చూశాడు. "చెప్తావా?" అని అడిగాడు.

చెప్పనన్నాను.

డిసెంబర్ 29

నెలరోజులు రాయలేదు, అందులో పదిరోజులు జ్వరం. రొమ్ము పట్టేసింది, ఊపిరి అందలేదు. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం అయిపోయిందనుకున్నారు. చావు గంట కొట్టించడానికి ఉపదేశియార్ సిద్ధంగా ఉన్నాడట. సామియార్ చావబోయేవాళ్ళకు పూసే అవస్థ నూనె తీసుకొని వచ్చి అందరినీ బయటికి వెళ్ళమన్నారు, నా చివరి పాపాలు వినడానికి.

చెల్లప్ప వెళ్ళలేదు. "అవ్వకు చెవులు వినబడవు సామీ. మీరు అడిగింది నేను గట్టిగా చెప్తాను. ఆమె ఏమి చెప్పినా నేను విన్నట్టు కాదు."

సామియార్ ఆలోచించి సరే అన్నారు. వాడు నా తల దగ్గర కూర్చొని నా చేయి పట్టుకున్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే నేను వాడి చేయి అట్లాగే పట్టుకునేదాన్ని. వాడి చేయి వెచ్చగా ఉంది. వాడి కళ్ళు నా నోటి మీద ఉన్నాయి.

"అవ్వా, ఇంకా ఏమైనా చెప్పుకోవలెనా అని సామియార్ అడుగుతా ఉన్నారు."

చెప్పాలని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. వాడు నా చేయి నొక్కలేదు, ఏమీ చేయలేదు. చూశాడు, అంతే.

"శుక్రవారం కోడిగుడ్డు తిన్నాను సామీ" అన్నాను.

సామియార్ మన్నింపు చెప్పి నూనె పూశారు. ఇంత తెల్లని మనసు తాను చూడలేదన్నారు. వాడు నా నుదుటి చెమట తుడిచాడు. నేను కళ్ళు మూసుకొని చావు కోసం కాచుకున్నాను. రాలేదు.

తెల్లవారేసరికి ఊపిరి ఆడింది. నిన్న గంజి తాగాను, ఇవాళ లేచి కూర్చున్నాను. అందరూ మాత దయ అంటున్నారు. శుక్రవారం కొత్త సంవత్సరం, మొదటి శుక్రవారం కూడా. నడవలేను కదా, ఇంట్లోనే ఉంటానని చెల్లప్పతో అన్నాను. కోవెలకు పోవడానికి బండి మాట్లాడానన్నాడు. మెత్తగా ఉండడానికి గడ్డి పరిపిస్తాడట.